సోలో ల్యాండింగ్‌లో ముందు చక్రం విరిగితే: ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ప్రశ్నకు సమాధానం

ప్రొద్దుటూరు నుంచి ఒక తండ్రిగారు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. ఆయన కుమార్తెకు పందొమ్మిదేళ్లు. వేరే రాష్ట్రంలోని ఒక ఫ్లయింగ్ స్కూల్లో కమర్షియల్ పైలట్ లైసెన్సు కోసం శిక్షణ పొందుతోంది. సెస్నా 152 విమానంలో ఒంటరిగా, అంటే సోలోగా, సర్క్యూట్లు (రన్‌వే నుంచి ఎగిరి చుట్టూ తిరిగి మళ్లీ దిగడం) చేస్తుండగా ఒక ల్యాండింగ్‌లో విమానం రెండుసార్లు ఎగిరిపడి, మూడోసారి ముక్కు మీద బలంగా దిగింది. ముందు చక్రం కాలు వెనక్కి మడుచుకుపోయింది, ప్రొపెల్లర్ రన్‌వేకు తగిలి ఇంజిన్ ఆగిపోయింది, విమానం జారుకుంటూ పక్కనున్న గడ్డిలో నిలిచింది. భుజం మీద బెల్టు ఒత్తుకున్న గుర్తు తప్ప అమ్మాయికి ఏ దెబ్బా తగలలేదు. ప్రస్తుతం స్కూలు ఆమెను ఎగరనివ్వడం లేదు. రాతపూర్వకంగా వాంగ్మూలం ఇమ్మని అడిగింది. నష్టంలో కొంత భాగం కట్టవలసి రావచ్చని అక్కడ ఎవరో నోటిమాటగా అన్నారు. ఇంట్లో అవ్వ 'ఇంక చాలు, పాపను పిలిపించండి' అని పట్టుబడుతోంది. తప్పు మా అమ్మాయిదేనా, లైసెన్సు రాకుండా పోతుందా, శిక్షణ మాన్పించాలా అని ఆయన అడిగారు.

నేను చాలాకాలం శిక్షణ విమానాల్లో ఇన్‌స్ట్రక్టర్‌గా, ఆ తర్వాత విమాన భద్రతా విభాగంలో పనిచేసి, ఇప్పుడు కర్నూలులో ఉంటున్నాను. ఆ విమానాన్ని నేను చూడలేదు, అమ్మాయితో మాట్లాడలేదు. కాబట్టి ఆమె మీద తీర్పు చెప్పే పని పెట్టుకోను. అయితే మీరు రాసిన క్రమం శిక్షణలో పదేపదే కనిపించేదే గనుక, నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. విమానం మొదటిసారి ఎగిరిపడడంలో వింత ఏమీ లేదు. కొత్తగా నేర్చుకునే ప్రతి ఒక్కరికీ అది జరుగుతుంది. రెండోసారి ఎగిరిన తర్వాత కూడా ఎలాగైనా దింపాలని చూడడం దగ్గర అది ప్రమాదంగా మారింది. ఆ క్షణంలో థ్రాటిల్, అంటే ఇంజిన్ బలం పెంచే మీట, ముందుకు తోసి, దిగడం మానుకుని మళ్లీ పైకి వెళ్లిపోవాలి. దాన్నే గో అరౌండ్ అంటారు. ఆ పనిని సోలోకు పంపేముందు ఆమె చేతికి ఎంతగా అలవాటు చేశారు అన్నది మీరు స్కూలును అడగవలసిన మొదటి ప్రశ్న. తప్పు ఎవరిది, మాన్పించాలా వద్దా అన్నవాటికి జవాబు చాలావరకు అందులోనే దొరుకుతుంది.

ముందు ఆ కొన్ని సెకన్లలో ఏం జరుగుతుందో చూడండి. సెస్నా 152 ఫ్లాపులు (రెక్కల వెనుక అంచున కిందికి వంగే పలకలు) దించుకుని సుమారు 55 నుంచి 65 నాట్ల వేగంతో, అంటే గంటకు దాదాపు 100 నుంచి 120 కిలోమీటర్లతో, రన్‌వే మీదికి వస్తుంది. నేలకు కొన్ని అడుగుల ఎత్తులో పైలట్ యోక్‌ను, అంటే చేతిలోని స్టీరింగును, మెల్లగా వెనక్కి లాగుతూ ముక్కు ఎత్తి, వేగం తగ్గనిచ్చి, వెనుకనున్న రెండు ప్రధాన చక్రాల మీద ముందుగా దింపాలి. ముందు చక్రం ఆ తర్వాత నిదానంగా నేలకు ఆనాలి. ప్రధాన చక్రాల కాళ్లు దిగేటప్పటి బరువును మోయడానికి చేసినవి. ముందు చక్రం కాలు నేల మీద దారి మళ్లించుకోవడానికీ విమానాన్ని నిలబెట్టడానికీ సరిపోతుందే గాని ఆ దెబ్బను తట్టుకోలేదు. వేగం ఎక్కువగా ఉన్నప్పుడు, లేదా పైలట్ చూపు రన్‌వే చివరి వైపు కాకుండా ముక్కు ముందరి నేల మీదే నిలిచిపోయినప్పుడు, ముక్కు ఎత్తడంలో లెక్క తప్పి మూడు చక్రాలూ ఒకేసారి గాని, ముందు చక్రమే ముందుగా గాని నేలను తాకుతుంది. తాకగానే ముక్కు పైకి తన్నుకుంటుంది. ముక్కు లేచిన మేరకు రెక్కలకు గాలి తగిలే కోణం పెరుగుతుంది, ఎగరడానికి సరిపడా వేగం ఇంకా మిగిలే ఉంటుంది, విమానం మళ్లీ గాలిలోకి లేస్తుంది.

లోపల కూర్చున్న విద్యార్థికి అద్దంలో రన్‌వే ఒక్కసారిగా మాయమై ఆకాశం నిండిపోతుంది. రెక్కలు విమానాన్ని మోసే బలం కోల్పోబోతున్నాయని, అంటే స్టాల్ రాబోతోందని, చెప్పే ఎడమ రెక్క అంచున ఉన్న హెచ్చరిక బూర సన్నగా మూలగడం మొదలుపెడుతుంది. చేయి తనకు తెలియకుండానే యోక్‌ను ముందుకు తోస్తుంది. ఆ తోపు ఫలితం చూపేసరికి విమానం తనంతట తానే ముక్కు దించుకుంటూ ఉంటుంది. రెండూ కలిసి ముక్కు మొదటిసారికన్నా బలంగా నేలకు కొట్టుకుని, మొదటిసారికన్నా ఎత్తుకు లేస్తుంది. ఊయలను ఆపుదామనుకుని, అది తనకు దూరంగా వెళ్లే క్షణంలోనే తోసినవాడు దాన్ని ఇంకా ఊపినట్టు, ఇక్కడ ప్రతి దిద్దుబాటూ ఊపును పెంచుతుంది. దీన్ని మా వాళ్లు పార్పాయిజింగ్ అంటారు. మూడో దెబ్బకో నాలుగో దెబ్బకో ముందు చక్రం కాలు లొంగిపోతుంది. మొదటి దెబ్బ నుంచి అక్కడిదాకా పది సెకన్లు పడితే ఎక్కువ.

విమానం ఒకటి రెండు అడుగులు మాత్రమే ఎగిరితే యోక్‌ను ఉన్నచోటే పట్టుకుని, అవసరమైతే కాస్త పవర్ ఇచ్చి, మళ్లీ మెల్లగా దింపుకోవచ్చు. అంతకుమించి ఎగిరినా, రెండోసారి ఎగిరినా, ఆ ల్యాండింగ్‌ను అక్కడితో వదిలేయాలి. థ్రాటిల్ పూర్తిగా ముందుకు తోసి, ఇంజిన్‌కు వేడి గాలి పంపే కార్బ్యురేటర్ హీట్ మూసి, ఫ్లాపులను 20 డిగ్రీలకు ఎత్తి, 55 నాట్ల వేగంతో ఎక్కిపోవాలని సెస్నా 152 మాన్యువల్ చెబుతుంది. చదవడానికి ఇది నాలుగు ముక్కల్లో అయిపోతుంది. విమానంలో మాత్రం పవర్ పూర్తిగా పెట్టగానే ముక్కు ఎడమకు లాగుతుంది, దానికి కుడి రడ్డర్ (తోక చుక్కాని) పెడల్ తొక్కాలి. యోక్ మీద ఒత్తిడి తగ్గించుకోవడానికి దిగేటప్పుడు పెట్టుకున్న ట్రిమ్ అనే అమరిక వల్ల ముక్కు కావలసినదానికన్నా పైకి లేస్తుంది, దానికి యోక్‌ను బలంగా ముందుకు అదిమి పట్టాలి. ఫ్లాపులను ఒక్కసారిగా ఎత్తేస్తే విమానం కుంగుతుంది, కాబట్టి అంచెలంచెలుగా ఎత్తాలి. వీటన్నిటినీ ఒక్క ఊపిరిలో చేయాలి. ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుని, చెప్పకుండా మధ్యలో 'గో అరౌండ్' అని అరిచి, రన్‌వే మీద అడుగు ఎత్తులో కూడా చేయించి, ఒళ్లు అలవాటు పడేదాకా నేర్పితేనే అది అవసరమైనప్పుడు వస్తుంది. పుస్తకంలో చదివిన జ్ఞానం ఆ పది సెకన్లలో పైకి తేలదు.

విద్యార్థులు గో అరౌండ్ చేయకపోవడానికి భయం ఒక్కటే కారణమని నేను అనుకోను. చాలాచోట్ల దాన్ని ఓటమిగా చూసే గాలి ఉంటుంది. ఈ గంటలో ఎన్ని ల్యాండింగులు అయ్యాయో లెక్క వేసే స్కూల్లో, గో అరౌండ్ చేసి వచ్చిన పిల్లవాడిని 'ఒక సర్క్యూట్ వృథా అయిందే' అని పలకరించే ఇన్‌స్ట్రక్టర్ దగ్గర, ఆ పిల్లవాడు మరుసటిసారి ఎలాగైనా దింపడానికే చూస్తాడు. లైసెన్సు పూర్తయ్యేసరికి నలభై లక్షలు దాటే ఖర్చు, దానికోసం ఇంట్లో పెట్టిన తాకట్టు, గంట గంటకూ కరిగే ఫీజు పిల్లల మనసులో ఉంటాయి. మన జిల్లాల నుంచి వచ్చిన పిల్లల్లో ఈ ఒత్తిడి నాకు మరింత స్పష్టంగా కనిపించేది. వాళ్లు పైకి చెప్పేవాళ్లు కారు, రాత్రి ఫోనులో ఇంటివాళ్లతో 'బాగా జరుగుతోంది నాయనా' అని మాత్రమే అనేవాళ్లు. మీ అమ్మాయి మీద కూడా అలాంటి బరువు ఉందేమో ఇప్పుడు కనుక్కోండి. అడిగే తీరులో మాత్రం డబ్బు ప్రస్తావన రానివ్వకండి.

సోలో గురించి తల్లిదండ్రులకు సాధారణంగా తెలియని విషయం ఒకటి ఉంది. సెస్నా 152 గరిష్ఠ బరువు 757 కిలోలు. అందులో నుంచి డెబ్బై, ఎనభై కిలోల ఇన్‌స్ట్రక్టర్ దిగిపోతే దాదాపు పదో వంతు బరువు తగ్గినట్టే. విద్యార్థికి అప్పటిదాకా అలవాటైన విమానం వేరు, ఒంటరిగా నడిపే విమానం వేరు. అది త్వరగా ఎక్కుతుంది, సర్క్యూట్‌లో ఎత్తు దాటిపోతుంది, దిగేటప్పుడు పాత వేగంతోనే వస్తే రన్‌వే పైన కిందికి రాకుండా తేలుతూ పోతుంది. రెక్కల నిడివికన్నా తక్కువ ఎత్తులో, అంటే ఈ విమానానికి పది మీటర్ల లోపు, నేల దగ్గర రెక్కలకు గాలి నిరోధం తగ్గే నేల ప్రభావం వల్ల ఆ తేలడం ఇంకా పెరుగుతుంది. రన్‌వే అయిపోతోందన్న తొందరలో విద్యార్థి యోక్‌ను ముందుకు వదిలి విమానాన్ని నేలకు అదుముతాడు. ఎగిరిపడడానికి ఇంతకన్నా ఖాయమైన దారి లేదు. వేగం పది శాతం ఎక్కువైతే విమానంలో మిగిలిన శక్తి పది శాతం కాదు, ఇరవై ఒక్క శాతం ఎక్కువవుతుంది. ఆ శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావలసిందే. మీ అమ్మాయి సోలో రోజుల్లో ఎంత వేగంతో అప్రోచ్ చేస్తోంది (రన్‌వే వైపు దిగివస్తోంది), తేలికైన విమానం తీరు గురించి ఆమెకు ముందుగా ఎవరైనా వివరించారా అన్నది రెండో ప్రశ్న.

మూడోది ఆనాటి గాలి, వేడి. వేరే రాష్ట్రంలో జరిగినా సంగతి అర్థం కావడానికి మన ఊళ్లనే తీసుకుందాం. కడప విమానాశ్రయం సముద్రమట్టానికి నాలుగు వందల పైచిలుకు అడుగుల ఎత్తులోనే ఉన్నా, మే నెలలో 42 డిగ్రీల ఎండలో అక్కడి గాలి పలుచబడి, విమానం సుమారు 3,800 అడుగుల ఎత్తులో ఉన్నట్టు నడుచుకుంటుంది. మీటరు 60 నాట్లు చూపుతున్నా నేల మీద అసలు వేగం 63 నాట్లు దాటుతుంది. 110 హార్స్‌పవర్ ఇంజిన్ తన బలంలో పదో వంతుకు పైగా కోల్పోతుంది. ఫ్లాపులు పూర్తిగా దించి ఉన్న విమానం గో అరౌండ్‌లో పైకి లేవడానికి చాలా బద్ధకిస్తుంది. అది తెలియని విద్యార్థి భయపడి ముక్కు ఇంకా ఎత్తుతాడు, అది మరింత ప్రమాదం. నల్లరేగడి చేల మీద, బండనేల మీద మధ్యాహ్నం లేచే వేడి గాలి చివరి క్షణంలో విమానాన్ని పైకి తోస్తుంది. ఆషాఢంలో అయితే అనంతపురం ప్రాంతంలో రామగిరి, ఉరవకొండ వైపు గాలిమరలు ఆగకుండా తిరిగే రోజుల్లో, గాలి విసురు నిమిషానికొక తీరుగా ఉంటుంది. సెస్నా 152ను పరీక్షల్లో 12 నాట్ల అడ్డగాలి వరకు దింపి చూపారు. అనుభవజ్ఞుల సంగతి అది. విద్యార్థి సోలోకు ప్రతి స్కూలూ అంతకన్నా చాలా తక్కువ హద్దును తన మాన్యువల్‌లో రాసుకుంటుంది. ఆ హద్దు ఎంత, ప్రమాదం జరిగిన వేళ టవర్ చెప్పిన గాలి ఎంత అని అడగండి. తెల్లవారుజామున పంపవలసిన విద్యార్థిని విమానం ఖాళీ లేదని పదకొండు గంటలకు పంపే పద్ధతి కొన్నిచోట్ల ఉంది, అది నాకు ఏనాడూ నచ్చలేదు.

ఇంత చెప్పింది అమ్మాయి తప్పేమీ లేదని అనడానికి కాదు. యోక్ ఆమె చేతిలోనే ఉంది, థ్రాటిల్ తోయవలసింది ఆమే. అయితే సోలో విద్యార్థిని పంపేది ఇన్‌స్ట్రక్టర్ సంతకం. ఆ సంతకానికి అర్థం 'ఈమెకు బాగా దింపడం వచ్చు' అని మాత్రమే కాదు, 'బాగా కుదరనప్పుడు ఏం చేయాలో కూడా వచ్చు' అని. నా దృష్టిలో ఆ రెండో సగమే ముఖ్యం.

ఇక దర్యాప్తు. అంతర్జాతీయ నియమాల ప్రకారం విమానం నిర్మాణ బలం దెబ్బతిని పెద్ద మరమ్మతు అవసరమైతే దాన్ని ప్రమాదంగా లెక్కిస్తారు. ప్రొపెల్లర్, టైరు, రెక్క కొస వంటివి మాత్రమే దెబ్బతింటే సాధారణంగా చిన్న ఘటనగా వదిలేస్తారు. సెస్నా 152లో ముందు చక్రం కాలును ఇంజిన్ వెనుకనున్న ఫైర్‌వాల్ అనే లోహపు గోడకు బిగిస్తారు గనుక, కాలు మడుచుకుపోయిందంటే ఫైర్‌వాల్ కూడా ముడతలు పడి ఉండడానికి అవకాశం ఎక్కువ. అప్పుడు మీది ప్రమాదం కిందికే వస్తుంది. మన దేశంలో 2012లో ఏర్పడిన విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏఏఐబీ గాని, చిన్న విమానాల విషయంలో తరచుగా పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ గాని దర్యాప్తు చేస్తుంది. ఈ దర్యాప్తుల ఉద్దేశం మరో ప్రమాదం జరగకుండా చూడడమే తప్ప నింద, బాధ్యత తేల్చడం కాదని ఆ నియమాల్లోనే స్పష్టంగా రాసి ఉంది. విద్యార్థి తడబాటు వల్ల జరిగిన ల్యాండింగ్ ప్రమాదంలో సాధారణంగా వచ్చే సిఫారసు మళ్లీ శిక్షణ ఇచ్చి, పరీక్షించి పంపమనే. ఇంత మాత్రానికే భవిష్యత్తు మూసుకుపోదు. అబద్ధపు రికార్డులు, మద్యం, అనుమతి లేని ఎగురుడు వంటివి బయటపడితే సంగతి వేరు.

అందుకే వాంగ్మూలం విషయంలో జాగ్రత్త కావాలి. దాన్ని అమ్మాయి తన మాటల్లో, తనకు గుర్తున్న క్రమంలో, తానే రాయాలి. స్కూల్లో ఎవరో రాసి ఇచ్చిన కాగితం మీద సంతకం చేయకూడదు. మీరు గాని, మీకు తెలిసిన వకీలు గాని అందంగా దిద్దిన వాక్యాలు కూడా అక్కరలేదు. గాలి ఎటు ఉంది, ఫ్లాపులు ఎంత దించింది, రన్‌వే మొదట్లో మీటరు ఎంత వేగం చూపింది, మొదటి దెబ్బ ఏ చక్రానికి తగిలినట్టు అనిపించింది, ఆ తర్వాత చేతులు ఏం చేశాయి, రేడియోలో ఎవరైనా ఏమైనా అన్నారా అన్నవి రాస్తే చాలు. గుర్తులేనిది గుర్తులేదని రాయాలి. పది సెకన్లలో జరిగినదానికి పూర్తి జ్ఞాపకం ఉందని చెబితే దర్యాప్తు చేసేవాడికి అనుమానం వస్తుంది. లాగ్‌బుక్‌లో ఆ రోజు పద్దును ఎవరు చెప్పినా మార్చకూడదు. ఆమె లాగ్‌బుక్, శిక్షణ రికార్డు, సోలో అనుమతి పత్రం కాపీలు ఇప్పుడే తీసి పెట్టుకోమనండి. ఇవి ఆమె హక్కు, అడగడంలో తగవేమీ లేదు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. శిక్షణ విమానాలకు బీమా ఉంటుంది; ప్రతి క్లెయిములో కొంత మొత్తం స్కూలే భరించాలి. ఆ మొత్తాన్ని విద్యార్థి మీద వేసే షరతు కొన్ని ఒప్పందాల్లో ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. చేరేటప్పుడు మీరు సంతకం చేసిన ఒప్పందం తీసి చదవండి. అందులో లేనిదాన్ని నోటిమాట మీద కట్టవద్దు. అడిగితే రాతపూర్వకంగా అడగమనండి. దర్యాప్తు పూర్తి కాకముందే 'తప్పు మాదే, నష్టం భరిస్తాం' అన్న కాగితం ఇవ్వవలసిన అవసరం ఎవరికీ లేదు.

విమానం గురించి కూడా ఒక మాట. సెస్నా 152 తయారీ 1985లోనే ఆగిపోయింది. మీ అమ్మాయి నడిపింది ఆమెకన్నా వయసులో చాలా పెద్దది, అంతకుముందు ఎందరో విద్యార్థుల చేతుల్లో ఎగిరిపడినది. పాత దెబ్బలతో బలహీనపడిన కాలు ఈ దెబ్బకు విరిగి ఉండవచ్చా అన్నది దర్యాప్తులో చూడవలసిన అంశమే. బలమైన ల్యాండింగ్ తర్వాత ఇంజిన్ మూత తీసి, టార్చి వేసి, ఫైర్‌వాల్ కింది భాగాన్ని చూస్తే రేకు మీద పెయింటు సన్నగా పగిలి అల కనిపిస్తుంది. వదులైన రివెట్ల చుట్టూ నల్లటి పొడి వలయంగా పేరుకుంటుంది. చూసే అలవాటున్న మెకానిక్ కంటికి అవి తప్పించుకోవు. ల్యాండింగ్ బలంగా పడిందని విద్యార్థి సిగ్గుపడి చెప్పకపోతే మాత్రం తర్వాతి విద్యార్థి ఆ విమానంలోనే వెళతాడు. కాబట్టి ఆ విమానం పాత మరమ్మతుల రికార్డు చూశారా అని దర్యాప్తు వాళ్లను అడగడంలో తప్పు లేదు. అయితే దీన్ని అమ్మాయి తరఫు వాదనగా పట్టుకుని కూర్చోకండి. ఎంత గట్టి కాలైనా మూడో దెబ్బకు విరగవచ్చు.

మాన్పించాలా అన్న ప్రశ్నకు వస్తాను. అవ్వగారి భయాన్ని తేలిగ్గా తీసిపారేయను. మన జిల్లాల్లో ఈ మాట ఎత్తగానే అందరికీ గుర్తొచ్చేది 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారితో సహా ఐదుగురిని నల్లమలలో బలిగొన్న హెలికాప్టర్ ప్రమాదం. అది వానమబ్బుల్లో, కొండల మీద జరిగింది. శిక్షణ విమానాల్లోనూ ప్రాణాలు పోయాయి: 2019 అక్టోబరు 6న వికారాబాద్ జిల్లా సుల్తాన్‌పూర్ దగ్గర సెస్నా 172 కూలి ఇద్దరు ట్రైనీలు, 2022 ఫిబ్రవరి 26న నల్గొండ జిల్లా పెద్దవూర మండలంలో సెస్నా 152 కూలి అందులో ఒంటరిగా ఉన్న ట్రైనీ చనిపోయారు. అవి రెండూ రన్‌వేకు దూరంగా పొలాల్లో జరిగినవి. శిక్షణలో ప్రాణం తీసేవి ఎక్కువగా మబ్బుల్లోకి వెళ్లడం, అవసరం లేకుండా కిందుగా ఎగరడం, తక్కువ ఎత్తులో మలుపు తిరుగుతూ వేగం కోల్పోవడం. 45 డిగ్రీలు వాలి తిరిగితే స్టాల్ వేగం 19 శాతం, 60 డిగ్రీలకు 41 శాతం పెరుగుతుంది. రన్‌వే వరుసను దాటిపోయామని చివరి మలుపును బిగించి తిప్పేవారికి కోలుకునే ఎత్తు ఉండదు. రన్‌వే మీద ముందు చక్రం విరగడం వాటితో పోల్చదగినది కాదు. లోహం నష్టపోతుంది, మనిషి నడిచి బయటికి వస్తాడు. మీ అమ్మాయి వచ్చినట్టే.

కాబట్టి ఈ ప్రమాదం ఒక్కటే చూసి మాన్పించమని నేను చెప్పను. మాన్పించవలసిన పరిస్థితులు వేరే ఉన్నాయి. వేరే ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి కొన్ని గంటలు ఎగిరిన తర్వాత కూడా రన్‌వే దగ్గరికి రాగానే ఆమె చేతులు బిగుసుకుపోతున్నా, తనకే ఇష్టం చచ్చిపోయి మీకోసం మాత్రమే కొనసాగిస్తున్నా ఆపడమే మంచిది. కమర్షియల్ లైసెన్సుకు కావలసిన 200 గంటల్లో 100 గంటలు విమానానికి తానే బాధ్యురాలిగా నడపాలి; సోలోను తప్పించుకునే దారి లేదు. ఆమె ఇష్టాన్ని ఆమెనే అడగండి, అవ్వగారి ముందు కాకుండా.

స్కూలు సంగతి తేల్చుకోవడం ఇంకాస్త తేలిక. ప్రమాదం తర్వాత వాళ్లు ఏం చేస్తున్నారో చూడండి. అమ్మాయిని కూర్చోబెట్టి తెల్లబోర్డు మీద ఆ ల్యాండింగ్‌ను అడుగడుగూ గీసి చర్చించారా, మిగతా విద్యార్థులందరికీ ఎగిరిపడిన విమానాన్ని నిలబెట్టుకోవడం మళ్లీ నేర్పుతున్నారా, సోలోకు పంపిన ఇన్‌స్ట్రక్టర్ తన వాంగ్మూలం కూడా ఇచ్చారా? ఇవి జరుగుతుంటే అది ఉండదగిన స్కూలే. 'మీ అమ్మాయి విమానం విరగ్గొట్టింది' అన్న ఒక్క వాక్యంతో సంభాషణ ముగించేవాళ్లయితే మారడం గురించి ఆలోచించవచ్చు. డీజీసీఏ 2025 నుంచి శిక్షణ సంస్థలకు శ్రేణులు ప్రకటిస్తోంది, అది చూడండి. మారితే దగ్గరలో ఉండేలా చూద్దామనుకునేవారికి, 2022లో విమానాశ్రయాల అథారిటీ శిక్షణ సంస్థల కోసం ఎంపిక చేసినవాటిలో కడప కూడా ఉంది. దగ్గర అన్న ఒక్క కారణంతో మాత్రం ఎంచుకోకండి; అక్కడా ఇవే ప్రశ్నలు అడగండి.

మళ్లీ ఎగరడం ఇలా జరగాలి. వైద్యులు సరేనన్న తర్వాత, మొదటి రెండు మూడు ఫ్లైట్లు ఇన్‌స్ట్రక్టర్‌తో, ఉదయం చల్లటి వేళ, ల్యాండింగ్ ప్రస్తావనే లేకుండా ఎత్తులో తక్కువ వేగంతో నడపడం, స్టాల్, గో అరౌండ్ క్రమం సాధన చేయాలి. తర్వాత రన్‌వే మీదుగా కొన్ని అడుగుల ఎత్తులో దిగకుండా ఎగిరి వెళ్లడం. దీనివల్ల చూపు రన్‌వే చివర నిలపడం మళ్లీ అలవాటవుతుంది. ఆ తర్వాతే ల్యాండింగులు, వాటిలో కనీసం సగం చెప్పకుండా గో అరౌండ్‌గా మార్చినవి. మరో ఇన్‌స్ట్రక్టర్ పరీక్షించి సంతకం చేసిన తర్వాత సోలో. ఇదంతా ఎన్ని గంటలు పడితే అన్ని గంటలు, తొందరపెట్టకండి. ఆ రోజు చూడడానికి మీరు వెళ్లాలనుకుంటే వెళ్లండి, కానీ సోలో ముగిసేదాకా వచ్చిన సంగతి ఆమెకు తెలియనివ్వకండి.

చివరిగా మీరు అడగకపోయినా రేపు తప్పక వచ్చే ప్రశ్న: ఎయిర్‌లైన్ ఉద్యోగ దరఖాస్తులో దీన్ని చెప్పాలా? చెప్పాలి. ప్రమాదాలు, ఘటనల గురించి దరఖాస్తులో గాని ఇంటర్వ్యూలో గాని సూటిగా అడుగుతారు. రికార్డు డీజీసీఏ దగ్గర ఉంటుంది, దాచి దొరికిపోతే ఉద్యోగం పోయేది దాచినందుకు. ఇంటర్వ్యూ చేసేవాళ్లలో ఎగిరిపడని పైలట్ ఎవరూ ఉండరు. ఆ రోజు గాలి ఎంత ఉంది, తాను ఎక్కడ గో అరౌండ్ చేసి ఉండవలసింది, తర్వాత ఏ శిక్షణ తీసుకుంది అని రెండు నిమిషాల్లో తొణకకుండా చెప్పగలిగితే ఆ ప్రశ్న అక్కడితో అయిపోతుంది. అందుకు కావలసిన కాగితాలు ఆ వాంగ్మూలం, దర్యాప్తు నివేదిక, మళ్లీ శిక్షణ ఇచ్చినట్టు రాసిన రికార్డు. మూడూ ఒకే ఫైలులో ఇప్పటి నుంచే పెట్టించండి.